డాబా మీద పాత రబ్బర్ షీట్: పీకాలా, దాని మీదే ఇంకోటి వేయించాలా?

రోహిణి కార్తె నడుస్తోంది, ఇంకో రెండు వారాలు తిరక్కుండా మృగశిర వచ్చేస్తుంది, ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం డాబా గురించే. పదీ పదిహేనేళ్ళ కింద స్లాబ్ మీద వేయించిన నల్ల షీట్ ఇప్పుడు ఉబ్బిపోయింది, అంచులు లేచిపోయాయి, ఇల్లు ఉరుస్తోంది, ఏం చేయమంటారు అని. అందుకే ఈసారి టైల్స్ ప్రశ్నలూ బోర్ మోటార్ ప్రశ్నలూ అన్నీ వచ్చే నెలకి జరిపి మొత్తం జాగా దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్తే అండి. మాది మల్కాజిగిరిలో రెండంతస్తుల ఇల్లు, పైన స్లాబ్ సుమారు 1,100 చదరపు అడుగులు. 2011లో మావారు ఉన్నప్పుడు రబ్బర్ షీట్ వేయించారు, ఏదో గమ్ పూసి అతికించారు. పదేళ్ళు పైన చుక్క నీరు దిగలేదు. పోయిన వానాకాలం నుంచి దేవుడి గది మూలలో చెమ్మ, పెయింట్ పొక్కులు పొక్కులుగా లేస్తోంది. ఇద్దరు కాంట్రాక్టర్లు వచ్చి చూశారు. ఒకాయనేమో పాతది తీయక్కర్లేదమ్మా, దాని మీదే తారు షీట్ గ్యాస్ మంటతో అతికించేస్తాం, రెండు రోజుల్లో అయిపోతుంది అంటున్నారు. ఇంకొకాయన మొత్తం పీకాల్సిందే అంటున్నారు, దానికి డబ్బులు బాగా ఎక్కువ అడుగుతున్నారు. నేనొక్కదాన్నే ఉంటాను, పిల్లలు వేరే దేశంలో ఉన్నారు, ఎవరి మాట నమ్మాలో తెలియట్లేదు.
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, రెండో ఆయన చెప్పిందే కరెక్ట్. డబ్బు ఎక్కువవుతుంది, నాలుగైదు రోజులు దుమ్మూ చప్పుడూ ఉంటాయి, అయినా సరే పాతది మొత్తం తీయించండి. ఎందుకో కాస్త వివరంగానే చెప్తాను, రేపు మొదటాయన మళ్ళీ వచ్చి మాట్లాడితే మీరు ధైర్యంగా వద్దనగలగాలి కదా.

ముందు మీ డాబా మీద ఉన్నది నిజంగా రబ్బరేనా అని చూసుకోండి, మన దగ్గర నల్లగా కనిపించే ప్రతిదాన్నీ రబ్బర్ షీట్ అనేస్తారు. పిట్టగోడ పక్కన అంచు లేచిన చోట అరచేతంత ముక్క కోసి చూడండి. సైకిల్ ట్యూబ్ లాగా లాగితే సాగి మళ్ళీ వెనక్కి వస్తుంటే, మందం ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటే అది రబ్బరే, షాపుల్లో ఈపీడీఎం అంటారు. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉండి, మడిస్తే పగిలి, లోపల గుడ్డ లాంటి పొర కనిపించి, మధ్యాహ్నం ఎండలో చేతికి అంటుకుంటుంటే అది తారు షీట్, దాన్ని ఏపీపీ మెంబ్రేన్ అంటారు. ఇంకా అనుమానం ఉంటే ఆ ముక్కని కిందికి తెచ్చి టర్పెంటాయిల్‌లో ముంచిన గుడ్డతో రుద్దండి, తారైతే కరిగి గుడ్డ గోధుమ రంగుకి తిరుగుతుంది.

ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే, తారు షీట్ మంటకి కరుగుతుంది కాబట్టే కింద ఉన్న దానికి అతుక్కుంటుంది, రబ్బర్ అలా కాదు, ఫ్యాక్టరీలో ఒకసారి ఉడికి గట్టిపడ్డాక ఇంక ఏ వేడికీ కరగదు, టైరు కాలినట్టు కాలుతుంది అంతే. అంటే మీ రబ్బర్ మీద తారు షీట్ మంట పెట్టి అతికిస్తే పైది కరుగుతుంది, కిందది కరగదు, రెండూ కలవవు. పైగా తారులో ఉండే నూనెలు రబ్బర్‌కి పడవు, ఆ నూనె పీల్చుకుని రబ్బర్ ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. నూనెకి రబ్బర్ ఎంత అల్లాడుతుందో ఒకచోట కళ్ళారా చూశాను, కింద మెస్ ఉన్న బిల్డింగ్, దాని ఎగ్జాస్ట్ గొట్టం డాబా మీదకి వదిలారు, ఆ గొట్టం చుట్టూ మూడడుగుల మేర షీట్ నానబెట్టిన అప్పడంలా అలలు తేలిపోయింది, మిగతా డాబా అంతా బాగానే ఉంది.

ఇది పుస్తకం చూసి చెప్పే మాట కాదమ్మా. 2015లో మా సొంతింటి మీద ఒక కాంట్రాక్టర్ ఇదే పని చేశాడు, పాత రబ్బర్ మీద తారు షీట్. నేను ఊళ్ళో లేను, వచ్చేసరికి పని అయిపోయింది, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఆగస్టులో ఒక పెద్ద వాన పడి వెలిశాక పైకెళ్ళి చూస్తే అంచు దగ్గర చెయ్యి పెట్టి ఎత్తగానే గజం మేర లేచొచ్చింది, కింద రెండు షీట్ల మధ్య నీళ్ళు. చివరికి రెండూ పీకించాల్సొచ్చింది, ఒక్కటి పీకితే అయ్యే ఖర్చుకి రెండింతలు పైనే అయింది, మా అమ్మ మంచం ఆ గదిలోంచి హాల్లోకి మార్చి మూడు నెలలు అలాగే ఉంచాం. అప్పట్నుంచీ ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, పాతది తీసి స్లాబ్‌ని కళ్ళతో చూసేదాకా ఏ మందు వేయాలో ఎవరూ చెప్పలేరు.

ఇంకో సంగతి. మీ దేవుడి గది పైన చెమ్మ కనిపిస్తోంది కాబట్టి చిల్లు కూడా అక్కడే ఉందనుకోకండి. షీట్ కిందకి దిగిన నీళ్ళకి దారి దొరికినంత దూరం పోతాయి. బర్కత్‌పురలో మా అక్కయ్య వాళ్ళింట్లో వంటింటి మూల ఉరుస్తుంటే మూడుసార్లు వంటింటి పైనే ప్యాచ్‌లు వేయించారు, తగ్గలేదు. ఆఖరికి మొత్తం తీయిద్దామని ఏప్రిల్‌లో మొదలుపెట్టాం. రెండు నెలలుగా వాన చుక్క లేదు, స్లాబ్ పైన కాళ్ళు పెట్టలేని వేడి, అలాంటిది మూడో పట్టీ లాగగానే షీట్ కింద నుంచి మురిగిన వాసన గుప్పుమంది, వెనకాలే సన్నగా నీళ్ళు పాకుకుంటూ వచ్చాయి, సిమెంట్ అంతా నల్లగా తడిసి నాచు పట్టి ఉంది. ఆ తడి పట్టుకుని వెనక్కి పోతే ఎక్కడ తేలిందో తెలుసా, వంటింటి నుంచి పద్నాలుగు అడుగుల దూరంలో, ఎప్పుడో డిష్ యాంటెన్నా నిలబెట్టడానికి షీట్‌లోంచి స్లాబ్‌లోకి దించిన నాలుగు బోల్ట్‌ల దగ్గర. యాంటెన్నా తీసేసి ఆరేళ్ళయింది, బోల్ట్ చిల్లులు మాత్రం అలాగే ఉండిపోయాయి. మీ డాబా మీద కూడా ముందు డిష్, సోలార్ హీటర్ కాళ్ళు, బట్టల తీగకి పాతిన పైపులు, ట్యాంక్ స్టాండ్ ఇవన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక కాగితం మీద బొమ్మ గీసి పెట్టుకోండి, పీకేటప్పుడు ఆ చోట్లలో స్లాబ్ ఎలా ఉందో మేస్త్రీతో చూపించుకోండి.

ఇంక పని సంగతి. ఇప్పుడే మొదలుపెట్టండి, జూన్ రెండో వారం దాటితే మన హైదరాబాద్‌లో వానలు పట్టుకుంటాయి, ఆ తర్వాత స్లాబ్ ఆరదు. ఎండలు మండిపోతున్నాయి కాబట్టి కూలీలని పొద్దున ఆరింటికే రమ్మనండి, పదకొండుకల్లా ఆపేయమనండి, మళ్ళీ సాయంత్రం నాలుగున్నరకి. నల్ల షీట్ ఎండకి పెనంలా కాలుతుంది, మనుషులు తట్టుకోలేరు, ఒక కుండలో నీళ్ళూ ఉప్పు వేసిన మజ్జిగా పైన పెట్టించండి. ఎండాకాలమే అయినా మధ్యమధ్యలో గాలివానలు వస్తూనే ఉంటాయి, ఒక పెద్ద తాడ్‌పత్రి, అదే టార్పాలిన్ పట్టా, పక్కన రెడీగా ఉండాలి.

మొదలుపెట్టే ముందు నీళ్ళు పోయే గొట్టాల నోళ్ళని గోనెసంచి కుక్కి మూసేయాలి. ఈ ఒక్క పని చాలామంది మర్చిపోతారు, రబ్బర్ ముక్కలూ సిమెంట్ పెచ్చులూ గొట్టంలోకి పోయి ఇరుక్కుంటే, వాన పడ్డ రోజు నీళ్ళు డాబా మీదే నిలబడతాయి. 1,100 అడుగుల డాబా మీద ఒక్క అంగుళం నీళ్ళు నిలబడితే 2,600 లీటర్లు, అంటే రెండున్నర టన్నుల పైనే బరువు. సాయంత్రం పని ఆపాక ఆ సంచులు తీసేయడం కూడా అంతే ముఖ్యం, తీశారో లేదో మీరే పైకెళ్ళి చూసుకోండి.

తర్వాత పిట్టగోడల దగ్గర. షీట్‌ని గోడ మీదకి ఆరు అంగుళాలో అడుగో ఎక్కించి పైన అల్యూమినియం పట్టీ పెట్టి స్క్రూలు బిగించి ఉంటారు, ముందు ఆ స్క్రూలు విప్పాలి. పట్టీ ఉండగానే షీట్ పట్టుకుని గుంజితే గోడ ప్లాస్టరింగ్ పెచ్చులు పెచ్చులుగా దానితోపాటే వచ్చేస్తుంది, అది మళ్ళీ వేరే ఖర్చు. స్క్రూలు తీసిన ప్రతి చిల్లునీ తర్వాత పూడ్చించాలి.

అప్పుడు షీట్‌ని రెండు రెండున్నర అడుగుల వెడల్పు పట్టీలుగా కోయాలి. మామూలు కట్టర్ వాడితే మొన స్లాబ్‌కి తగిలి రెండు నిమిషాలకోసారి విరుగుతుంది, కొక్కెంలా వంగిన బ్లేడ్ దొరుకుతుంది, రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే ఇస్తారు, అది షీట్ కిందనుంచి పట్టుకుని పైకి కోస్తూ పోతుంది కాబట్టి స్లాబ్‌కి గీత పడదు, కింద ఏదైనా వైరు ఉన్నా తెగదు. ఎక్కడ మొదలుపెట్టాలి అనేది కూడా ఉంది, నీళ్ళు పోయే గొట్టం వైపు, అంటే పల్లం నుంచి మొదలుపెట్టి మెరక వైపు పోవాలి. ఎందుకంటే సగం పనిలో వాన వస్తే మెరక మీద మిగిలిన షీట్ మీంచి నీళ్ళు జారి ఖాళీ స్లాబ్ మీద పడి గొట్టంలోకి పోతాయి. తిరగేసి మెరక నుంచి పీకుకుంటూ వస్తే ఆ నీళ్ళన్నీ మిగిలిన షీట్ కిందకి తిన్నగా దూరతాయి.

కోసిన పట్టీ ఒక కొస లేపి చాప చుట్టినట్టు చుట్టుకుంటూ పోతుంటే ఇంకో మనిషి వెనకనుంచి పొడుగు కర్ర ఉన్న గీకుడు పలకతో అంటుకున్న చోట తెంపుతూ రావాలి. గమ్ వదిలేసిన చోట ఊరికే లేచొస్తుంది, గట్టిగా పట్టిన చోట ఒక్కో గజానికి పది నిమిషాలు పడుతుంది, తొందరపెట్టకండి. చుట్టలన్నీ స్లాబ్ మధ్యలో ఒకేచోట కుప్ప పెట్టనివ్వకండి, మీ డాబా మొత్తం రబ్బరే 180, 200 కిలోల దాకా తూగుతుంది, దానికి సిమెంట్ మల్బా, అంటే రాలిన పెచ్చులూ ముక్కలూ, తోడైతే ఇంకా. గోడల మీదుగా, దూలాల మీదుగా సర్దించి ఏ రోజుది ఆ రోజు దింపేయించండి. మామూలుగా మనుషులు తిరిగే డాబాని చదరపు మీటరుకి 150 కిలోల బరువు లెక్కన డిజైన్ చేస్తారు, దానికి మించి ఒకచోట పోగెయ్యకూడదు.

షీట్ పోయాక మిగిలేది గమ్. దాని గురించి కింద ఇంకో పాఠకుడు అడిగారు, అక్కడ చెప్తాను. గమ్ కూడా పోయాక స్లాబ్‌ని ఎండనివ్వండి. ఈ ఎండల్లో నాలుగైదు రోజులు ఖాళీగా వదిలేయండి, ఆగలేం అని కాంట్రాక్టర్ అంటే ఆగాల్సిందే అనండి. ఆరిందో లేదో చూడ్డానికి తేలికైన పద్ధతి ఉంది, ఒకటిన్నర అడుగు పొడవూ వెడల్పూ ఉన్న పల్చటి పాలిథిన్ షీట్ స్లాబ్ మీద పరిచి నాలుగు పక్కలా టేప్‌తో గాలి పోకుండా అతికించి కనీసం 16 గంటలు ఉంచండి. తీసి చూస్తే లోపల నీటి చెమట పట్టినా, కింద సిమెంట్ రంగు ముదిరినా ఇంకా తడి ఉన్నట్టే. అంతకుముందు తడిగా ఉన్న చోట, పొడిగా ఉన్న చోట, గొట్టం దగ్గర, ఇలా మూడు చోట్ల పెట్టండి. తడి ఉండగా పైన ఏ షీట్ వేసినా ఏ కెమికల్ కొట్టినా ఆ తడే ఎండకి ఆవిరై పైకి తంతుంది, మీరు చూస్తున్న బుడగలు అలా వచ్చినవే.

స్లాబ్ ఆరాక పగుళ్ళు ఎక్కడున్నాయి, వాలు సరిగా ఉందా, ఎక్కడ నీళ్ళు నిలుస్తున్నాయి అనేది చూసి అప్పుడు ఏం వేయాలో తేల్చుకోండి. వాలు కనీసం వంద అడుగులకి ఒక అడుగు లెక్కన ఉండాలి, లేకపోతే ముందు అది సరిచేయించాలి. కాంట్రాక్ట్ కాగితం రాసుకునేటప్పుడు పీకడం, గమ్ గీకడం, చెత్త దింపి తీసుకెళ్ళడం, పిట్టగోడ మీదకి ఎక్కే భాగం కొలతలో కలుస్తుందా లేదా, ఈ నాలుగూ విడివిడిగా రాయించండి. గొడవలన్నీ వీటి దగ్గరే వస్తాయి. ఆఖరి పైసలు మాత్రం కొత్త పని అయ్యాక గొట్టాలు మూసి 24 గంటలు నీళ్ళు నిలబెట్టి, కింద సీలింగ్ చూసుకున్నాకే ఇవ్వండి. పిల్లలతో వీడియో కాల్‌లో పని చూపించండమ్మా, రోజూ ఫొటోలు తీయించండి, దూరంలో ఉన్నా వాళ్ళు అడుగుతున్నారంటే పనివాళ్ళు ఇంకాస్త శ్రద్ధగా చేస్తారు.

ప్రశ్న: అన్నా నమస్తే. మా ఇంటి మీద తారు షీట్ ఉన్నది, మా బాపు ఏసిపిచ్చిండు. నిన్న అడ్డా మీదికెళ్లి ఇద్దరు కూలోళ్లను తెచ్చి పీకుడు షురూ చేసినం. ఎండకు అది పారకు అంటుకుంటున్నది, చెప్పులకు అంటుకుంటున్నది, పొద్దంత కొడితే రెండు గజాలు గూడ ఎల్లలేదు. ఒకాయన గ్యాస్ బర్నర్‌తోని వేడి జేస్తే అల్కగ ఊడొస్తది అంటుండు, ఇంకొకాయన బ్రేకర్ మిషన్ పెట్టి కొడదాం అంటుండు. ఏం జేయాల్నో సమజైతలేదు.
— ఒక పాఠకుడు, నాచారం

జవాబు: తమ్ముడూ, రెండూ వద్దు. బర్నర్ పెడితే తారు ఊడి రాదు, కరిగి స్లాబ్ రంధ్రాల్లోకి ఇంకా లోతుకి దిగుతుంది, తర్వాత ఏం పూసినా పట్టదు. కాలుతున్న తారు పొగ కూలీల ఊపిరితిత్తులకి మంచిది కాదు, పక్కన సిలిండర్ పెట్టుకుని పాత ఎండిపోయిన షీట్‌ని మంటతో ఆడించడం ప్రమాదం కూడా. బ్రేకర్ సంగతి ఇంకా పెద్దది. ఇళ్ళ స్లాబ్ మందం మామూలుగా ఐదు అంగుళాలే, దూలాల దగ్గర పై రాడ్లు పైనుంచి ముప్పావు అంగుళం లోతులోనే ఉంటాయి, బ్రేకర్ దెబ్బకి రాడ్ దాకా పోతుంది, రాడ్ అదిరితే చుట్టూ కాంక్రీట్ పట్టు వదిలేస్తుంది, ఇప్పటిదాకా లేని పగుళ్ళు కింద సీలింగ్‌లో తేలతాయి.

నువ్వు చేయాల్సింది టైమ్ మార్చుకోవడం. తారు ఎండకి మెత్తబడుతుంది, చల్లగా ఉంటే పెళుసెక్కుతుంది. తెల్లవారి ఐదున్నరకి పైకెక్కండి, రాత్రి చల్లబడ్డ స్లాబ్ మీద ఎనిమిదిన్నర దాకా అది పెచ్చులుగా ఎగురుతుంది, నిన్న పొద్దంతా కాని పని ఆ మూడు గంటల్లో అవుతుంది. ముందు రోజు సాయంత్రమే షీట్‌ని అడుగున్నర చదరాలుగా కోసి ఉంచండి, పెద్ద ముక్క ఏ మనిషీ పీకలేడు. పార అంచుని బండ మీద సాన పెట్టించి, దాదాపు పడుకోబెట్టి కిందకి తోయమను, నిలువుగా పొడిస్తే స్లాబ్ గుంతలు పడుతుంది. అంటుకునే చోట గుప్పెడు ఇసుక చల్లితే కాళ్ళకీ పారకీ పట్టదు. తొమ్మిది తర్వాత ఇంక పీకడం ఆపి తీసినవి మూటకట్టి దింపే పని పెట్టుకోండి. బాపు వేయించిన షీట్ ఇన్నేళ్ళు ఇల్లు కాపాడింది, తీసేటప్పుడు ఓపిక పట్టు, స్లాబ్ మాత్రం దెబ్బతినకుండా చూసుకో.

ప్రశ్న: రబ్బర్ షీట్ తీసేశాం కానీ గమ్ మరకలు మిగిలిపోయాయి. పెట్రోల్ పోసి కడిగితే పోతుందని మేస్త్రీ అంటున్నాడు, లేకపోతే యాసిడ్ అంటున్నాడు. చేయొచ్చా?
— ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వద్దండి, రెండూ చేయొద్దు. ఎర్రటి ఎండలో డాబా మీద పెట్రోల్ అంటే దాని ఆవిరికి ఒక్క బీడీ చాలు. కాలకపోయినా ఆ పెట్రోల్ గమ్‌ని కరిగించి స్లాబ్‌లోకి ఇంకేలా చేస్తుంది, పైన కొత్త కోటింగ్ పట్టదు. యాసిడ్ గమ్‌ని ఏమీ చేయదు, సిమెంట్‌ని తినేస్తుంది, పగుళ్ళలోంచి దిగితే రాడ్లకి తుప్పు. పొడిగా గీకడమే దారి, గీకుడు పలకతో వచ్చినంత, తర్వాత ఇనుప బ్రష్‌తో, ఇంకా మొండికేస్తే గ్రైండర్‌కి కాంక్రీట్ అరగదీసే డైమండ్ కప్పు బిగించి పైపైన. గ్రైండర్ దుమ్ము చాలా సన్నగా ఉంటుంది, గుడ్డ కట్టుకుంటే ఆగదు, ఎన్95 మాస్కూ కళ్ళద్దాలూ లేకుండా ఎవర్నీ చేయనివ్వకండి, మీ ఇంటి పని చేయడానికి వచ్చిన మనిషి ఊపిరి మీ బాధ్యతే. ఎంత పోయిందో తెలియాలంటే కాసిన్ని నీళ్ళు చల్లి చూడండి, నీళ్ళు ఇంకిపోతే శుభ్రమైనట్టు, ముత్యాల్లా నిలబడితే అక్కడ గమ్ ఇంకా ఉన్నట్టు.

ప్రశ్న: షీట్ పీకాక స్లాబ్ మీద రెండు చోట్ల సిమెంట్ లేచిపోయి తుప్పు పట్టిన రాడ్ కనిపిస్తోంది. కాంట్రాక్టర్ సిమెంట్ పూసేసి పని కానిచ్చేద్దాం అంటున్నారు. భయంగా ఉంది.
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: భయపడాల్సిన పని లేదమ్మా, ఇప్పుడు బయటపడింది కాబట్టి మంచిదే అయింది. కానీ పైన సిమెంట్ పూసేయడం మాత్రం ఒప్పుకోకండి. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది, ఆ ఉబ్బుకే సిమెంట్ పైకి లేచింది, తుప్పు ఉండగానే కప్పేస్తే రెండేళ్ళలో మళ్ళీ అదే లేస్తుంది. చిన్న సుత్తితో ఆ చుట్టుపక్కల మెల్లగా తట్టించండి, గట్టిగా ఉన్న చోట ఖంగుమంటుంది, డొల్లగా ఉంటే చప్పుడు మారిపోతుంది, మీకే తెలుస్తుంది. డొల్ల ఉన్నంత మేర తీసేయించి, రాడ్‌ని ఇనుప బ్రష్‌తో మెరుపు కనిపించేదాకా రుద్దించి, తుప్పు రాకుండా జింక్ ప్రైమర్ పూయించి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పూడ్పించాలి. రుద్దాక రాడ్ సన్నబడిపోయినట్టు కనిపించినా, కింద సీలింగ్‌లో అదే చోట పగులు ఉన్నా మేస్త్రీతో తేల్చుకునే విషయం కాదది, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిపించి చూపించండి, ఆయన వచ్చి చూసేదాకా పని ఆపేయండి.

ప్రశ్న: మాది అపార్ట్‌మెంట్‌లో ఆఖరి ఫ్లోర్. టెర్రస్ మీద షీట్ పాడై మా ఫ్లాట్ ఒక్కటే ఉరుస్తోంది. మీకే కారుతోంది కాబట్టి మీరే పెట్టుకోండి అని అసోసియేషన్ వాళ్ళు అంటున్నారు. న్యాయమేనా?
— ఒక పాఠకుడు, ఈసీఐఎల్

జవాబు: న్యాయం కాదండి. టెర్రస్ అందరిదీ. బిల్డర్ల మీద, ఇళ్ళ అమ్మకాల మీద వచ్చిన 2016 రెరా చట్టం కూడా టెర్రస్‌ని కామన్ ఏరియాల్లోనే చెప్పింది. మీ బిల్డింగ్ రెరా కింద రిజిస్టర్ అయి, పొసెషన్ ఇచ్చి ఐదేళ్ళు దాటకపోతే, కట్టడంలో లోపం వల్ల ఉరుస్తున్నా పనిలో నాణ్యత లేక ఉరుస్తున్నా ముందు బిల్డర్‌ని రాతపూర్వకంగా అడగండి. దాటిపోతే అసోసియేషన్ ఖర్చే. మీటింగ్‌లో కోపంగా మాట్లాడకుండా, అందర్నీ ఒకసారి పైకి తీసుకెళ్ళి లేచిన అంచు కింద చెయ్యి పెట్టి తడి చూపించండి. ఆ నీళ్ళు ఈ ఏడు మీ సీలింగ్‌లో ఉన్నాయి, వదిలేస్తే దూలాల్లోకీ పిల్లర్లలోకీ దిగుతాయి, అవి కింద ఫ్లోర్ల వాళ్ళవి కూడా. ఇంకోటి, ఎలాగూ పాతది తీసేస్తున్నారు కాబట్టి ఈసారి నల్ల షీట్ కాకుండా పైన తెల్లగా ఉండేది అడగండి. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ, అంటే ఎండని తిప్పికొట్టి డాబా వేడెక్కకుండా చేసే పైకప్పుల పాలసీ, తెచ్చింది, పాత బిల్డింగ్‌లు కూడా చేయించుకుంటే మంచిదే, ఆఖరి ఫ్లోర్ వాళ్ళకి వేడి తెలిసేలా తగ్గుతుంది.

ప్రశ్న: పీకిన రబ్బర్ అంతా ఖాళీ ప్లాట్‌లో వేసి కాల్చేయమంటున్నారు. కబాడీ వాళ్ళేమో మాకొద్దు అన్నారు.
— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: దయచేసి కాల్చకండి. రబ్బర్ పొగ ఎంత నల్లగా ఎంత ఘాటుగా ఉంటుందో టైరు కాలడం చూసిన ఎవరికైనా తెలుసు, పక్కిళ్ళలో చంటిపిల్లలూ ఉబ్బసం ఉన్నవాళ్ళూ ఉంటారు. చెత్త బహిరంగంగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో కాలిస్తే 25,000 జరిమానా అని 2016లోనే పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ ఆర్డర్ ఇచ్చింది. ఇది ప్లాస్టిక్ లాగా కరిగించి మళ్ళీ పోసే వస్తువు కాదు, అందుకే కబాడీ వాళ్ళు వద్దంటారు. సిమెంట్ మల్బాని రబ్బర్‌తో కలపకుండా వేరే సంచుల్లో కట్టించండి, మల్బాకి జీడిమెట్లలో, ఫతుల్లగూడలో రీసైక్లింగ్ ప్లాంట్లు ఉన్నాయి, ఉప్పల్ నుంచి మీకు ఫతుల్లగూడ దగ్గర. రబ్బర్ చుట్టల్ని మున్సిపల్ శానిటేషన్ వాళ్ళకి ముందే చెప్పి అప్పజెప్పండి. చిల్లుల్లేని మంచి ముక్కలు ఉంటే రెండు మూడు దాచుకోండి, కూలర్ స్టాండ్ కిందా వాషింగ్ మెషిన్ కాళ్ళ కిందా వేస్తే అదురు తగ్గుతుంది, మా ఇంట్లో అలా వేసినవి ఇప్పటికీ ఉన్నాయి.